మజ్జిగ దాకా బేరం

పని ఎక్కడ మొదలైతది

బండి అమ్ముడుపోయిన రోజే బ్రోకర్‌కు అసలు పని మొదలైతది. కొత్తగ ఈ పనిలకు దిగే పిలగాండ్లకు ఈ ముచ్చట ఎవ్వరు చెప్పరు. ఇంజను సప్పుడు వినుడు, డోర్ల కింద తుప్పు చూసుడు, రంగు మళ్ల కొట్టిన్రా లేదా అని వేలుతోటి తట్టుడు, ఇవన్ని ఏ షెడ్డుల కొన్నాళ్లు తిరిగినా వస్తయి. కొన్నోడు ఇంటికి పోయి, తెల్లారి లేచి, వాకిట్ల నిలబడ్డ బండిని చూసి, ఇది నేనెందుకు కొన్ననురా దేవుడా అనుకుంటడు చూడు, అప్పుడు నువ్వేం చేస్తవు? అది ఏ షెడ్డుల నేర్పరు.

నేను ఇల్లందుల షెడ్డు నడుపుకుంట, అటు భద్రాచలం దాకా, ఇటు మధిర దాకా పాత బండ్లు అమ్మిపిచ్చి బతికిన. చదువుకున్నోణ్ని కాదు. నలభై దాటినంక అక్షరాలు వచ్చినయి, అవి కూడ ముందు నంబర్ ప్లేట్ల మీద. తెలుగు ఆ తర్వాత రాత్రిబడిల నేర్చిన. అందుకని నా రాత అక్కడక్కడ మాట లెక్క ఉంటది, మీరే సర్దుకోండ్రి. ఎన్ని బండ్లు అమ్మిన్నో, ఎవరెవరికి అమ్మిన్నో రాయను. అది మీకు పనికిరాదు. కొని, మనసు విరిగి, వాపస్ చేస్తనని వచ్చినోళ్ల గురించి రాస్త. ముఖ్యంగ ఒక్కని గురించి.

ఉస్తాద్ పెట్టిన రివాజు

నాకు పని నేర్పింది ఖాసిం ఉస్తాద్. షెడ్డు ఆయనదే. నేను అందుల బండ్లు కడుగుతుంటి. మనిషి నోరు మంచిది కాదు. పొద్దున వచ్చుడుతోనే ఎవర్నో ఒకర్ని తిట్టకపోతే ఆయనకు చాయ్ దిగకపోతుండె. నన్ను మల్లిగా అని పిలిచెటోడు, కోపం వస్తే అది కూడ లేదు. కాని బేరంల మాట తప్పినోడు కాదు, తప్పనిచ్చినోడు కాదు.

ఆయన ఒక రివాజు పెట్టిండు. బండి అప్పజెప్పే రోజు అమ్మినోడు ఆ బండ్లనే కొన్నోళ్ల ఇంటికి పోవాలె. వాళ్లింట్ల కూసోని బువ్వ తినాలె. తిని, తాళంచెవి వాళ్ల చేతిల పెట్టి, బస్సెక్కి ఇంటికి రావాలె. కాయితాల మీద పేరు మారుడు ఆఫీసుల ఎప్పుడో అయితది. మా దగ్గర మాత్రం బువ్వ తింటేనే బండి చెయ్యి మారినట్టు. ఒకవేళ పేరు మారకముందే కొన్నోడు నాకొద్దు అంటే అమ్మినోళ్లు వాపస్ తీసుకోవాల్సిందే. కాని అప్పుడు కొన్నోడు అమ్మినోళ్ల ఇంటికి పోవాలె. వాళ్లు పెట్టింది తినాలె. ఎందుకొద్దో తినుకుంట వాళ్ల మొఖం చూసి చెప్పాలె. ఆఖరుకు మజ్జిగన్నం తిని చెయ్యి కడుగుతే బండి వాళ్లది, పైసలు వీళ్లవి. అంతటితోటి మాట ఖతం.

ఇంత తతంగం ఎందుకు ఉస్తాద్, షెడ్డుల తాళంచెవి పడేసి పోతే అయిపాయె కదా అని ఒకసారి అడిగిన.

"షెడ్డుల పడేస్తే నా నెత్తిమీద పడేసినట్టురా" అన్నడు. "ఒకరింట్ల బువ్వ తిననోడు వాళ్ల బండి ఎందుకు ఎక్కుతడు? కులం చూసుకునేటోణ్ని కొత్త బండి కొనుక్కోమను. కంపెనీవాడు బువ్వకు పిలవడు."

ఈ రివాజు వల్ల కొందరు పెద్దపెద్దోళ్లు మా షెడ్డుకు రాకపోదురు. రాకపోయినందుకు ఉస్తాద్ ఎన్నడు బాధపడలే. నేను కూడ పడలే. అట్లాంటోళ్లతోటి బేరం అయినంక వచ్చే లొల్లి కంటే బేరం లేకుండుడే నయం.

ఏన్కూరుల ఒక మిర్చి రైతు ఉండె. పంట పండిన ఏడు జీపు కొన్నడు. వారం తిరగకముందే షెడ్డు ముంగట నిలబడ్డడు, వాపస్ అని. ఏందయ్య తక్లీఫు అంటే ఒక్కటి సరిగ చెప్పడు. సీటు ఎత్తున్నదంటడు, హారన్ గొంతు మంచిగ లేదంటడు. అడగ్గ అడగ్గ తేలింది ఏందంటే, ఆయన బామ్మర్ది వచ్చి చూసి, గీ రంగు జీపు ఎవడన్న కొంటడా బావా అన్నడట. ఉస్తాద్ నవ్వలే. సరే, నువ్వు రాకు, వద్దన్నది మీ బామ్మర్ది కదా, ఆయన్ని తోలియ్యి, ఆయనే తిని వస్తడు అన్నడు. రైతు జీపు స్టార్ట్ చేసుకొని పోయిండు. ఆ జీపుల ఆయన ఆ తర్వాత ఎన్ని పెండ్లిండ్లకు పోయిండో, ఎన్ని మిర్చి బస్తాలు మోసిండో. బామ్మర్దిని కూడ అందుల్నే ఎక్కిచ్చుకొని తిరిగిండు.

వాపస్ అని వచ్చేటోళ్లల ఇట్లాంటోళ్లు చానమంది ఉంటరు. మనసు వాళ్లకు వాళ్లు విరగ్గొట్టుకోరు, పక్కనోడు విరగ్గొడతడు. బువ్వకు రమ్మంటే ఏది సొంత బాధనో, ఏది చేబదులు తెచ్చుకున్న బాధనో తెలిసిపోతది. ఉస్తాద్ ఇది ఆలోచించి పెట్టిండో, ఊకెనే పెట్టిండో నాకు తెల్వదు. ఆయన్ని అడిగితే తిట్టెటోడు.

తెల్ల మారుతి

ఉస్తాద్ పోయినంక షెడ్డు నేను చూసుకున్న. రెండువేల మూడో, నాలుగో అయి ఉంటది. పాల్వంచ దాటి భద్రాచలం పోయే రోడ్డు పక్కన, అడవిల ఒక ఊర్ల రాహేలమ్మ అని రిటైరైన నర్సు ఉండె. అందరు సిస్టరమ్మ అంటరు. మిషన్ దవాఖానల పనిచేసినన్నాళ్లు తన తెల్ల మారుతి తనే నడుపుకుంట కోయగూడేలన్ని తిరిగింది. ఆ కారు కనబడితే దారిల మేకలు కాసేటోళ్లు కూడ చెయ్యి ఎత్తుదురు. కండ్లు మసకబారినయి, ఇంక నడపనని అమ్మకానికి పెట్టింది. బండి చూసి నాకే అమ్మబుద్ధి కాలే. సీటు కవర్లు తనే పూలు కుట్టి ఏసుకున్నది. డిక్కీల చాప మడత పెట్టి ఉంది, పేషెంట్లను పండబెట్టుడానికట.

కొన్నోడు లాజరు. ఇల్లందు కాడ బొగ్గుబాయిల పని. బాయి లోపట్నుంచి బొగ్గు టబ్బులను ఇనుప తాడుతోటి గుంజే ఇంజను ఉంటది. లాజరు ఆ ఇంజను నడిపెటోడు. కిందికెళ్లి గంట ఒక తీరు కొడితే గుంజాలె, ఇంకో తీరు కొడితే ఆపాలె. చెప్తే అంతే పని. కాని కిందున్నోళ్ల కాళ్లు, చేతులు ఆ గంట మీదనే ఆధారం.

అప్పజెప్పిన రోజు సిస్టరమ్మ లాజరు క్వార్టర్ల తిన్నది. లాజరు భార్య శాంతమ్మ కోడికూర వండింది. పాస్టరయ్య వచ్చి బండి మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టిండు. ప్రార్థన నడుస్తుండంగనే పక్క క్వార్టరు ఐలయ్య వంగి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టుకుంట పోయిండు. పాస్టరయ్య ఒక కన్ను తెరిచి చూసి, మళ్ల మూసుకొని, ప్రార్థన కొంచెం పొడుగు చేసిండు. ఆ క్వార్టర్ల లైన్ మొత్తంల అదే మొదటి కారు. లైనంత కొన్నట్టే సంబరపడ్డరు. పిల్లలు వంతులేసుకొని హారన్ కొట్టిన్రు. సిస్టరమ్మ బస్సెక్కెటప్పుడు నాతోటి అన్నది, మంచిండ్ల పడ్డది మల్లయ్యా అని. నేను కూడ అట్లనే అనుకున్న.

బండి మంచిదైతే వచ్చే కష్టం

కొన్ని దినాలకు లాజరు ఎస్టీడీ బూతు నుంచి ఫోను చేసిండు, కలవాలన్నడు. బస్టాండు కాడ చాయ్ హోటల్ల కూసున్నం. కండ్లు ఎర్రగున్నయి, మొఖం పీక్కపోయింది. ఎక్కడన్న గుద్దిండేమో అనుకున్న.

బండి ఎట్లుంది తమ్మీ అని అడిగిన.

"మంచిగుందన్న. అదే కష్టం."

ఆయనది నైట్ డ్యూటీ. రాత్రంత ఇంజను కాడ ఉంటడు, పగలు పండుకోవాలె. బండి వచ్చిన కాన్నుంచి పగలంత తలుపు కొట్టుడే. ఒకరి అత్తకు కడుపునొప్పి, దవాఖానకు పోవాలె. ఒకరి బిడ్డకు పరీక్ష, బస్సు పోయింది, కాలేజీ కాడ దింపాలె. ఇంకొకరు కొత్త టీవీ తెచ్చుకోవాలె. ఐలయ్య అయితే నాటుకోళ్లు తేవాలని సంతకు తీస్కపొమ్మన్నడు. వచ్చేటప్పుడు కోళ్లు ఎనక సీటు మీద, సిస్టరమ్మ కుట్టిన పూల మీద. లైన్‌ల ఇంకెవరికి నడుపుడు రాదు. అందుకని తాళంచెవి ఇచ్చి పండుకుందామన్నా కుదరది.

వద్దని చెప్పొచ్చు కదా అన్న. శాంతమ్మకు ఆపరేషన్ అయినప్పుడు ఈ లైనోళ్లే వంతులేసుకొని దవాఖానల కూసున్నరట. పిల్లలకు వండిపెట్టిన్రట. ఐలయ్య రక్తం ఇచ్చిండట. ఏం మొఖం పెట్టుకొని వద్దనాలె అన్నడు.

తర్వాత గ్లాసు దిక్కు చూసుకుంట మెల్లగ చెప్పిండు.

"మొన్న ఇంజను కాడ కన్ను మూతపడ్డదన్న. కింద గంట కొట్టిన్రు. నాకు వినబడలే. టబ్బులు ఆగాల్సిన కాడ ఆగలే."

ఎవరికన్న తాకిందా అని అడిగిన. తాకలేదన్నడు. కిందున్నోడెవడో పక్కకు దుంకిండట. చీకట్ల ఎవరో తెలియలే. బ్రేకు జారిందని అందరు అనుకున్నరు. లాజరు ఏం చెప్పలే.

"ఇంకోసారి కన్ను మూతపడితే, దుంకెటోడు దుంకలేకపోవచ్చు. నాకీ బండి వద్దు మల్లన్నా."

సరే, ఇంకెవరికన్న అమ్మిపిస్త అన్న. వద్దన్నడు. బండి బంగారం అని లైన్‌ల అందరికి తెలుసు. బంగారం లాంటి బండి అమ్ముకుంటే, మనల్ని ఎక్కిచ్చుకోలేక అమ్మిండు అంటరు. అందుకని వాపస్సే చెయ్యాలె, అది కూడ బండి ఖరాబైందని చెప్పి చెయ్యాలె. గేర్‌బాక్స్ పోయిందని చెప్దాం, నువ్వు చెప్తే సిస్టరమ్మ నమ్ముతది, లైనోళ్లు నమ్ముతరు అన్నడు.

ఈ పనిలకు వచ్చే పిలగాండ్లు ఇక్కడ కొంచెం ఆగి వినాలె. గేర్‌బాక్స్ అనే అబద్ధం చాన సులువు. లోపట ఉంటది, ఎవ్వనికి కనబడది. బ్రోకర్ నోట వస్తే ఇంక తిరుగులేదు. కాని మా దిక్కు పాత బండి పేరు, అమ్మినోళ్ల పేరు వేరు వేరు కావు. అది సిస్టరమ్మ బండి. గేర్‌బాక్స్ పోయిన బండి అంటగట్టింది అనే మాట బస్సు డ్రైవర్ల నోట్లె పడి అడవి రోడ్డంత పోతది. ఇన్నేండ్లు గూడేలల్ల పురుడు పోసిన ముసలామె ఆ మాట ఎందుకు పడాలె? బండిని తిట్టి వాపస్ చేయించే బ్రోకర్‌ను నేను మనిషి కింద చూడను. వాడు రేపు కొనేటోణ్ని కూడ గట్లనే తిడతడు.

"నేను చెప్ప" అన్న. "చెప్పాలంటే నువ్వే చెప్పు. ఆమె ఇంట్ల కూసోని, ఆమె పెట్టింది తినుకుంట."

ఏన్కూరు రైతు లెక్క లేచిపోతడేమో అని చూసిన. లాజరు చాయ్ గ్లాసు కింద పెట్టి, ఎప్పుడు పోదాం అన్నడు. అప్పుడు తెలిసింది, ఈ బాధ సొంతదే.

మజ్జిగకు ముందు

ఆయన సెలవు దినం చూసుకొని పోయినం. సిస్టరమ్మకు బస్సు డ్రైవర్ తోటి కబురు చేసిన. బండి నేనే నడిపిన. కొత్తగూడెం దాటకముందే లాజరు పక్క సీట్ల గురక. పాల్వంచల నేను ఆగి చాయ్ తాగిన, ఆయన లేవలే. అడవిల రోడ్డు మీద లారీ హారన్ కొట్టుకుంట పోయింది, లేవలే. గేర్లు వెన్నల వేలు పెట్టినట్టు పడుతున్నయి. ఇంత మంచి గేర్‌బాక్స్ మీద ఈ మనిషి ఏం చెప్తడో అని నాకే నవ్వొచ్చింది.

సిస్టరమ్మ వాకిట్లనే నిలబడి ఉంది. మమ్మల్ని పలకరియ్యకముందే బండి దగ్గరికి పోయింది. బానెట్ మీద చెయ్యి ఏసింది, చుట్టు తిరిగింది, ఎనక డోర్ తీసి సీటు చూసింది. కవరు మీది కెళ్లి ఒక కోడి ఈక తీసి మా ఇద్దరికి చూపిచ్చింది. ఈక పారేసి, కాళ్లు కడుక్కొని రాండ్రి అన్నది.

అన్నం, గోంగూర పప్పు, ఎండుచేపల పులుసు. మజ్జిగ కుండ మాత్రం తన పక్కకు పెట్టుకున్నది. ప్రార్థన చేసింది. పేషెంట్ల కోసం, డ్రైవర్ల కోసం, బాయిల పనిచేసే బిడ్డల కోసం, ఒక్కొక్కరి పేరు మీద చేసింది. అంత ప్రార్థన అయినంక అబద్ధం ఆడుడు ఎవ్వనికైనా కష్టమే.

పప్పు వడ్డించుకుంట అడిగింది. "ఇప్పుడు చెప్పు నాయనా. నా బండికి ఏమైంది?"

"గేర్‌బాక్స్ సిస్టరమ్మా."

"ఏ గేరు పడ్తలేదు?"

"రెండోది."

"ఘాట్ ఎక్కెటప్పుడా, దిగెటప్పుడా?"

లాజరు నా దిక్కు చూసిండు. నేను పప్పు దిక్కు చూసిన.

"ఇల్లందుల ఘాట్ యాడిది" అన్నడు.

"మరి గేరు యాడ పోయింది?" అని పులుసు పోసింది. "దవాఖానల ఎంతమందిని చూసిన లాజరూ. డ్యూటీ ఎగ్గొట్టుడానికి కడుపునొప్పి అని వచ్చెటోడు ఎట్ల కూసుంటడో నాకు తెలుసు. నీ లెక్కనే కూసుంటడు."

లాజరు చెయ్యి ముద్ద మీదనే ఆగింది. తర్వాత అన్ని చెప్పిండు. తలుపు కొట్టుడు, కోళ్లు, శాంతమ్మ ఆపరేషన్, గంట వినబడకపోవుడు, టబ్బులు. నాకు చెప్పినప్పటి కంటె ఎక్కువ చెప్పిండు. చెప్పుకుంట తింటలేడు.

అంత అయినంక సిస్టరమ్మ, బండి నేను తీసుకుంట, నాకేం బాధ లేదు, మల్లయ్య ఇంకో మనిషిని చూస్తడు అన్నది. నాకు పానం తేలికపడ్డది. మజ్జిగ కుండ దిక్కు చూసిన. ఆమె మజ్జిగ పోసే ముంత ముట్టుకోలే.

"లైన్‌ల పోయి ఏం చెప్తవు?" అని లాజరును అడిగింది.

లాజరు తలకాయ వంచిండు.

"గేర్‌బాక్స్ అనే చెప్తవు కదా?"

లాజరు ముద్దను ప్లేట్ల అటు ఇటు తిప్పిండు.

"అయితే మజ్జిగ లేదు" అన్నది.

ఉస్తాద్ రివాజు నాకంటె ఆమెకే మంచిగ తెలుసని అప్పుడు సమజైంది. మజ్జిగన్నం తినకపోతే బువ్వ కానట్టే. బువ్వ కాకపోతే బండి వాపస్ కానట్టే. సిస్టరమ్మా గట్లంటే ఎట్ల అని నేను నోరు తెరిచిన. నువ్వు ఊకో మల్లయ్యా, నీకు పోస్త తాగు అని నా ప్లేట్ల పోసింది. నేను తాగిన. ఎండాకాలం, ఏం చెయ్యాలె మరి.

తర్వాత లాజరుతోటి మాట్లాడింది. "నా తలుపు తక్కువ కొట్టిన్రా? తిట్టిన. తిట్టుకుంటనే కొన్నిసార్లు పోయిన. కొన్నిసార్లు, పానం మీదికి రాలేదు కదా, పొద్దున రాండ్రి, నాకు నిద్ర కావాలె అని తలుపేసిన. ఎవ్వరు నన్ను ఊర్లకెళ్లి ఎల్లగొట్టలే. నువ్వు ఒక్కనాడన్న నిద్ర వస్తుందని వాళ్లతోటి అన్నవా?"

"అనలే."

"అనకపోతే ఎట్ల తెలుస్తది?"

"చెప్తే గంట సంగతి కూడ చెప్పాలె" అన్నడు లాజరు. "ఐలయ్య ఆ తాడు కిందనే పనిచేస్తడు. ఆ రాత్రి దుంకింది ఆయననేమో. అడగాలంటే భయమైతుంది సిస్టరమ్మా."

"అడుగు."

బయట మేకలు పోతున్నయి, వాటి గంటలు వినబడ్డయి. లాజరు చెయ్యి ప్లేట్లనే ఎండిపోయింది. నేను ఎన్ని బేరాలు చూసిన్నో, ఎంత గట్టి మనుషుల మధ్యల కూసున్ననో, గా రోజు లెక్క ఎన్నడు కూసోలే. ఆమె తొందరపెట్టలే. ముంత మీద చెయ్యి పెట్టుకొని కూసున్నది, అంతే.

ఆఖరుకు లాజరు ప్లేటు ముంగటికి జరిపిండు.

"మజ్జిగ పొయ్ సిస్టరమ్మా. చెప్త."

ఆమె ముంత నిండ పోసింది. ఉప్పు కూడ తనే ఏసింది.

లైన్‌ల

బస్సుల వచ్చినం. మేం దిగేసరికి పొద్దు వాలింది. క్వార్టర్ల ముంగట మంచాలేసుకొని అందరు బయటనే ఉన్నరు. కారు లేకుంట నడుచుకుంట వస్తున్న లాజరును ముందు పిల్లలు చూసిన్రు, తర్వాత ఐలయ్య. మతం వేరైనా లాజరును ఐలయ్య బావా అనే పిలుస్తడు.

"బండేది బావా?"

"వాపస్ ఇచ్చిన."

"ఏమైంది, ఖరాబైందా?"

నేను లాజరు పక్కనే నిలబడ్డ. ఐలయ్య అడిగిన తీరుకు అవ్ అంటే అయిపోతుండె. గేర్‌బాక్స్ మాట కూడ అవసరం లేకుండె. ముసలామె ఇంత దూరంల ఉంది, ఆమెకు తెల్వకపోతుండె. నేను కూడ చెప్పకపోదును కావచ్చు.

"బండికేం కాలే" అన్నడు లాజరు. "నాకే నిద్ర లేదు."

మంచం మీద కూసున్న ఒకడు, నిద్ర లేకపోతే మంచం మార్చుకుంటరు కాని కారు వాపస్ ఇస్తరా బావా అన్నడు. నలుగురు నవ్విన్రు. లాజరు నవ్వు ఆగేదాక ఆగి, నిలబడే చెప్పిండు. పగలు తలుపు కొడుతుంటే లేస్తున్నననీ, రాత్రి ఇంజను కాడ కన్ను మూతపడ్డదనీ, గంట వినలేదనీ. ఆ లైన్‌ల ప్రతి ఇంట్లకెళ్లి ఒకడు బాయిలకు దిగెటోడే. గంట అనంగనే నవ్వులు పోయినయి. ఆడోళ్లు చేస్తున్న పని ఆపిన్రు. శాంతమ్మ గడప మీదికి వచ్చి నిలబడ్డది. ఆమెకు కూడ ఈ సంగతి అప్పుడే తెలుస్తున్నది, మొఖం చూస్తే తెలిసింది.

ఐలయ్య అడిగిండు. "టబ్బులు మీదికొచ్చిన రాత్రా?"

"అవ్."

"దుంకింది నేనే."

కొట్టుకుంటరేమో అని నేను ఒక అడుగు ముంగటికి ఏసిన. ఐలయ్య మంచం కోడు పట్టుకొని మెల్లగ కూసున్నడు. లాజరు మొఖం దిక్కు చూసి అన్నడు.

"ఆ పగలు కోళ్లకు తీస్కపొమ్మని నిన్ను లేపింది కూడ నేనే కద బావా."

ఎవ్వరు క్షమించమని అడగలే, ఎవ్వరు క్షమించిన అనలే. శాంతమ్మ ఇద్దరికి నీళ్లు తెచ్చి ఇచ్చింది. చివరి క్వార్టరు ముసలమ్మ ఒకామె లేచి లాజరును కడిగేసింది. నోరు లేదారా నీకు, ముందే చెప్తే తలుపు కొడుదుమా, మా మొగోళ్లు కింద లేరా, ఎవని పానాల మీద పండుకుంటున్నవురా అని. లాజరు తిట్లన్ని నిలబడి తిన్నడు. చూస్తుంటే ఆయనకు ఆ తిట్లు కూడ నిద్ర లెక్కనే పనిచేస్తున్నయి అనిపిచ్చింది నాకు. భుజాలు కిందికి దిగినయి.

నేను ఆఖరి బస్సు అందుకున్న.

ముందు అడగాల్సిన మాట

సిస్టరమ్మ బండిని తర్వాత మధిరల ఒక టీచర్‌కు అమ్మిపిచ్చిన. ఆ వీధిల ఇంటికో బండి ఉంది, అక్కడ కారు అంటే ఉత్త కారే. సిస్టరమ్మ పోయి తిని వచ్చింది, టీచర్ భార్య వంటల ఉప్పు ఎక్కువ అన్నది, కాని మంచోళ్లు అన్నది.

మీకు చెప్పేది ఇది. బండి చూపిచ్చేటప్పుడు మేం బండి గురించే మాట్లాడుతం. ఇంజను, టైర్లు, మైలేజీ. కొనేటోడు కూడ అదే అడుగుతడు. వాడి బతుకుల ఆ బండి ఎక్కడ నిలబడ్తది, ఎప్పుడు నిలబడ్తది, దాని చుట్టు ఎవరెవరు నిలబడ్తరు, ఇవి వాడికి తెల్వయి. తెల్వకనే కొంటడు, తెలిసినంక వాపస్ అంటడు. అప్పుడు వాని మీద కోపం చేసుకోకండ్రి. మాట మార్చినోడని తిట్టకండ్రి. ఎందుకొద్దో అమ్మినోళ్ల మొఖం మీద చెప్పగలిగెటోడైతే వాడు మాట మార్చినోడు కాదు. చెప్పలేనోణ్ని మాత్రం బండితోటే ఇంటికి పంపుండ్రి.

కొన్నాళ్లకు, మారుతి డాష్‌బోర్డుల లాజరు మరిచిపోయిన బైబిలు ఇద్దామని ఒకనాడు పగటిపూట ఆ లైన్‌కు పోయిన. లైన్ మూల మీద కూరగాయల బండోడు నోరు మూసుకొని బండి నెట్టుకుంట పోతున్నడు. ఏందయ్య అరుస్తలేవు అంటే, ఇక్కడికెళ్లి ఆ చివర దాక అరవద్దన్నరు, అరిస్తే కొనరట అన్నడు. లాజరు క్వార్టర్ ముంగట నీడల మంచం ఏసుకొని ఐలయ్య కూసున్నడు. నన్ను చూసి, మాట్లాడొద్దని చెయ్యి ఊపిండు. లోపట్నుంచి గురక వినబడుతున్నది.

సరే, లేచినంక ఇచ్చిపోదామని పక్కన కూసున్న. నా జన్మల అంతసేపు నోరు మూసుకొని కూసున్నది లేదు. కోడిపుంజు ఒకటి గడప దిక్కు వస్తే ఐలయ్య దాన్ని సప్పుడు కాకుంట తువ్వాలతోటి తోలిండు. ఇంకో పిల్ల సైకిల్ గంట కొట్టబోతే కండ్లతోటే బెదిరిచ్చిండు.

కొంచెంసేపటికి నా దిక్కు వంగి, చెవిల చెప్పినట్టు అన్నడు. "మల్లన్నా, మంచి మారుతి ఏదన్న ఉంటే నాకు చూడరాదె. లైన్‌కు బండి అలవాటైంది. నేను కూడ నడుపుడు నేర్చుకుంటున్న."

ఎన్నేండ్ల అలవాటు, నోరు దానంతట అదే తెరుచుకున్నది. ఏన్కూరుల ఒక బండి ఉంది, టైర్లు కొత్తయి, ఒక్క ఓనర్ చెయ్యే పడ్డది అని మొదలుపెట్టబోయిన. లోపట లాజరు అటు పక్క నుంచి ఇటు పక్కకు మర్లిండు, మంచం కిర్రుమన్నది. నేను గొంతు తగ్గించిన.

"ముందు ఇది చెప్పు తమ్మీ. ఇప్పుడు నీది ఏ షిఫ్టు?"